రెండు గీతల పొద్దు

కల్లు గీసెటోనికి పెండ్లాం అలిగినా నడుస్తది, అల్లుడు అలిగినా నడుస్తది గని, సానబట్టెటోడు అలిగితె మాత్రం నడువది. ఈ సంగతి మేడిపల్లి ఎల్లేశంకు అరవై రెండేండ్లు నిండినంక ఎర్కయింది. గింత ఆలిశెంగ ఎందుకెర్కయింది అంటరా? గప్పటిదాంక ఖాజా ఎన్నడు అలుగలే గనుక.

ఖాజాది కోరుట్ల. బస్టాండు ఎనక గల్లీల ఆయన షాపు. షాపంటె పెద్దగ ఏమనుకోకుర్రి. రెండు రేకులు, వాటి కింద కాలుతోని తొక్కి తిప్పే సానరాయి, పక్కకు ఒక బకిట్ల నీళ్ళు, గంతే. ఆయన తాత తిప్పిన రాయి అరిగి అరిగి అప్పడమంత అయితె బాపు ఇంకోటి ఎక్కిచ్చిండు. బాపుది అరిగినంక ఖాజా ఇంకోటి ఎక్కిచ్చిండు. ఊర్ల ఆడోళ్ళ కత్తిపీటలు, దర్జీల కత్తెర్లు, మటన్ కొట్టోళ్ళ కత్తులు, అన్నీ ఆ రాయి కిందికే అస్తయి. గని ఎల్లేశం కత్తంటె ఖాజాకు వేరే లెక్క. అది అచ్చిందంటె మిగతయన్నీ పక్కకు జరుపుతడు.

ఎందుకంటె గీత కత్తి కూరగాయల కత్తి గాదు. తాటిగెల కొసను పొద్దుగాల ఒకపారి, పొద్దుమీకి ఒకపారి ఉల్లిపొరంత పల్చగ గీయాలె. గప్పుడే కల్లు బొట్టు బొట్టు గెలకు కట్టిన మట్టికుండకు, అదే లొట్టిలకు, దిగుతది. కత్తి మొండిదైతె గెల తెగదు, నలుగుతది. నలిగిన గెల నోరు మూసుకుంటది. ఇగ నువ్వు మొక్కినా తెరువది. ఎల్లేశం రోజు చెక్క మీద పలుగురాయి పొడి చల్లి తనే నూరుకుంటడు గని, పదిహేను దినాలకోపారి అసలు పదును ఖాజా రాయి మీదనే పడాలె. నలభై ఏండ్ల సంది గదే రివాజు. కత్తి నూరినంక ఇద్దరు ఎదురుంగ ఉన్న హోటల్ల ఛాయ్ తాగాలె, అది గూడ రివాజే.

మరి గసొంటి దోస్తుల మధ్య లొల్లెట్ల అచ్చింది? ఫోన్ల అచ్చింది. ఇగ ఈ రోజుల్ల లొల్లి ఇంకేడికెల్లి అస్తది?

ఎల్లేశం బిడ్డ కల్పనను బోయినపల్లిల ఇచ్చిండ్రు. అల్లుడు వీరేందర్‌ది కిరాణం కొట్టు. మంచోడే, పిలగాడు తాగడు, తిరుగడు. గని గిరాకి లేనప్పుడు ఫోను పట్టుకుంటడు, దాంట్ల అచ్చిన వీడియోలన్ని మామకు తోలుతడు. మామకు చదువు అంతంతే గని, వీడియో చూసుటానికి చదువెందుకు? మాఘమాసంల ఒకనాడు గసొంటిదే ఒకటి అచ్చింది. వరాహస్వామి తన కోర మీద భూమిని ఎత్తిపట్టిన బొమ్మ. భూమి గుమ్మడికాయ లెక్క గుండ్రంగున్నది. ఎనకకెల్లి డప్పులు, ఎవడో గొంతు చించుకొని చెప్తున్నడు: భూమి గుండ్రంగ ఉన్నదని మనోళ్ళకు ఎన్నడో ఎర్క, మిగతా లోకమంత బల్లపరుపనుకున్నరు!

ఎల్లేశంకు ఛాతి ఇంత పొంగింది. కత్తి నూరనిచ్చి, ఖాజా ముంగట ఫోను పెట్టిండు.

"చూడు ఖాజా భాయ్. పేరుల్నే ఉన్నది, భూగోళం. గోళమంటె ఏంది? గుండు."

ఖాజా రాయి తొక్కుడు ఆపలే. "గోలా అంటె మాకు గూడ గుండే. ఆగు, మా ఖలీల్ పంపింది నీకు చూపిస్త" అన్నడు. ఖలీల్ ఆయన కొడుకు, దుబాయిల లిఫ్టుల పని చేస్తడు. ఆ వీడియోల ఒక పెద్దమనిషి, ఖురాన్ల భూమికి వాడిన ఒక మాటకు ఉష్ట్రపక్షి గుడ్డు అని అర్థమున్నదని, గుండ్రమని గప్పుడే చెప్పిండ్రని అంటున్నడు.

"ఆ పక్షి గుడ్డు నువ్వెన్నడన్న చూసినవా?" అన్నడు ఎల్లేశం.

"వరాహస్వామిని నువ్వు చూసినవా?"

గిక్కడి దాంక నవ్వులాటనే. హోటలోళ్ళు గూడ బెంచీలు జరుపుకొని ఇంటున్నరు. జనం ఇంటున్నరంటె మన నోరు ఊకుంటదా?

"మీ దాంట్ల భూమిని పరుపు లెక్క పరిసిండని గూడ ఉన్నదట గదా. పరుపు గుండ్రంగుంటదా?" అన్నడు ఎల్లేశం. ఇది గూడ వీరేందర్ తోలిన సదువే.

"మీ దాంట్ల ఆ రాక్షసుడు భూమిని చాప లెక్క సుట్టి సంకల పెట్టుకపోయిండట గదా. గుండును ఎవడన్న సుడతడా ఎల్లేశం? సుట్టి చూపియ్యి, నేను గూడ చూస్త."

హోటలంత గొల్లుమన్నది. ఛాయ్ పోసెటోడు గూడ నవ్విండు. ఎల్లేశం మొఖం కందగడ్డ అయింది. నోరా, వీపుకు చేటు తేకే అంటరు పెద్దలు. గని ఆ గడియల పెద్దలు యాదికస్తరా?

"నిన్న గాక మొన్న అచ్చినోళ్ళు మీరు. మీకేమెర్క ఈ భూమి సంగతి!"

నవ్వు ఆగింది. ఖాజా కాలు ఆగింది. సానరాయి తనంతల తనే నాలుగు సుట్లు తిరిగి, గది గూడ ఆగింది. ఖాజా తాత, తాత తాత, అందరు కోరుట్ల ఖబరస్తాన్ల మట్టిలనే ఉన్నరు. ఆ సంగతి ఎల్లేశంకు ఎర్క లేదా? ఖాజా బాపు పోయిన నాడు పక్కపొంటి నడిచి పిడికెడు మట్టేసింది ఆయనే గదా. ఎర్కుండే అన్నడు. గదీ తప్పు.

ఖాజా సగం నూరిన కత్తిని తుడిచి, పాత బనీను గుడ్డల సుట్టి, ఎల్లేశం చేతుల పెట్టిండు. నలభై ఏండ్లల్ల మొదటిసారి "ఛాయ్ తాగిపో" అనలే.

ఎల్లేశం ఇంటికచ్చి కత్తిని చూరుల చెక్కిండు. పెండ్లాం బాలలక్ష్మి పొద్దుగాల తీసి చూసింది. "ఏందయ్యా, కత్తికి ఒక దిక్కే మెరుపున్నది? ఖాజన్న సగంల లేసిండా?" అని అడిగింది. "ఆయనకు జరమచ్చింది" అన్నడు ఎల్లేశం. ఒక అబద్ధమాడితె దాన్ని సాకుటానికి ఇంకో నాలుగాడాలె. రోజులు పోయినా కొద్ది ఖాజాకు జరం తగ్గనే లేదు, పాపం!

సగం పదును ఎన్నొద్దులు ఉంటది? పది దినాలకు మొండిదయింది. గా ముచ్చట ఫోన్ల ఇని వీరేందర్, "గింత దానికెందుకు రంది మామ, మా ఊర్ల వెల్డింగ్ షాపుల కరెంటు రాయి ఉన్నది, ఐదు నిమిషాల పని" అన్నడు. ఎల్లేశం వేములవాడ మీదికెల్లి రెండు బస్సులు మారి బోయినపల్లి పోయిండు. కరెంటు రాయి గుర్రుమన్నది. దీపావళి లెక్క నిప్పులు లేచినయి. నిజంగనే ఐదు నిమిషాలే పట్టింది. కత్తి చేతికచ్చినంక చూస్తె కొసంత నీలంగ మారింది. కాలిన ఇనుము. ఎల్లేశం దాన్ని గుడ్డల సుట్టి సంచిల పెట్టుకున్నడు. బిడ్డ కోడికూర వండితె నాలుగు బుక్కలు తిని ఊరికచ్చిండు.

ఎల్లేశం గీసేటియి ఏడు తాళ్ళు, అంటె ఏడు తాటిచెట్లు. వాటిల ఆరు ఒకెత్తు, అయ్య తాడు ఒకెత్తు. ఊరికి పడమర, పసుపు చేన్ల గట్టు మీద డెబ్బై అడుగుల ఎత్తున ఒంటిగ ఉంటది. ఎల్లేశం అయ్య దాన్నెక్కి ముప్పై ఏండ్లు గీసిండు. ఆయనకు సంతకం రాకపోయేది, ఏలిముద్రనే. గని తాడు మీది సంగతులు మాత్రం పుస్తకం చదివినట్టు చెప్పేటోడు. కొడుకుకు ఎక్కుడు నేర్పుకుంట చెప్పిన మాట ఒకటున్నది: "కింద పొద్దు గూకినా పైన ఇంకా రెండు గీతల పొద్దుంటది కొడుకా. చీకటి పడుతుందని ఆగమాగం గాకు. ఆగమైతె చెయ్యి తెగుతది." తొందరపడకు అని చెప్పుటానికి అయ్య గట్ల అన్నడని ఎల్లేశం గిన్నేండ్ల సంది అనుకుంటున్నడు.

ఆ అయ్య తాడే ఇప్పుడు మొరాయించింది. కాలిన కత్తి పెడితె గెల నలిగింది. నిండు లొట్టి దిగేది సగానికచ్చింది, సగం పోయి అడుగుకచ్చింది. ఇంకో మూడొద్దులు గిట్లనే నడిస్తె గెల మూసుకపోతది, ఇగ ఈ ఏడుకు అయ్య తాడు ఒడిసినట్టే. ఇంకో ఏడుకు ఎల్లేశం మోకాళ్ళు ఎక్కనిస్తయో లేదో ఎవలికెర్క? కడపటిసారి ఎక్కింది మొండి కత్తి తోనా అని తలుసుకుంటె ఆయనకు నిద్ర పట్టకపోయేది.

గప్పటికి రంజాన్ నెల మొదలైంది. ఎల్లేశం కత్తి పట్టుకొని కోరుట్ల బస్సెక్కిండు. గల్లీ మొగదాంక పోయి పాన్‌డబ్బ కాడ నిలవడ్డడు. ఖాజా ఒక్క పొద్దుల ఉన్నడు, పెదవులు ఎండిపోయినయి, అయినా రాయి తొక్కుతనే ఉన్నడు. నీళ్ళ బకిట పక్కన్నే ఉన్నది, చుక్క నోట్లె పోసుకోడు. పోయి "తప్పయింది ఖాజా భాయ్" అనాలె. మూడే మూడు మాటలు. బస్సుల అచ్చినంత సేపు లోపల్లోపల పదిసార్లు అనుకున్నడు. తీరా గిక్కడికచ్చినంక ఆ మూడు మాటలు గొంతుల చేప ముల్లు లెక్క అడ్డం పడ్డయి. సున్నం తక్కువైన పాన్ ఒకటి నమిలి ఎనకకు తిరిగిండు. మర్నాడు మల్ల పోయిండు. మల్ల గదే పాన్‌డబ్బ, మల్ల గదే ముల్లు. డెబ్బై అడుగుల తాడెక్కెటోనికి పది అడుగుల గల్లీ దాటుటానికి చాత గాలే, చెప్తె నవ్వుతరు!

ఏ ఏడుకా ఏడు రంజాన్ మొదటి శుక్రవారం ఖాజా పెండ్లాం మున్నీ శెనగలు, పకోడీలు డబ్బల పెట్టి పంపేది. ఈ ఏడు డబ్బ రాలే. బాలలక్ష్మికి అనుమానం అచ్చింది. మొగన్ని నిలదీసింది. ఎల్లేశం నేల చూసుకుంట అంత చెప్పిండు. ఆ మాట చెవున పడంగనే బాలలక్ష్మి నెత్తి కొట్టుకున్నది.

"నిన్న మొన్న అచ్చినోళ్ళా? నాకు పెద్దాపరేషనైనప్పుడు జగిత్యాల దవాఖానల వారం దినాలు రాత్రి కావలున్నది ఎవలు? మున్నక్క గాదా? నీ నోరు పడిపోను! భూమి గుండ్రంగుంటె నీకేంది, పల్లంగుంటె నీకేంది, దాని మీద మనుషులుండాలె గదా!"



మూడోనాడు పొద్దుమీకి ఎల్లేశం అయ్య తాడు కింద నడుముకు కట్టే మోకు సదురుకుంటున్నడు. గట్టు పొంటి ఒక ఆటో అచ్చి ఆగింది. ముందుగాల బాలలక్ష్మి దిగింది. ఆమె ఎనక, సంకల గుడ్డమూట పెట్టుకొని, ఖాజా దిగిండు.

ఎల్లేశం చేతికెల్లి మోకు జారింది.

"నీ కోసం రాలే" అన్నడు ఖాజా, ఎల్లేశం మొఖం చూడకుండ. "కత్తి కోసం అచ్చిన. బాలలక్ష్మి మా మున్నీకి ఫోన్ చేసింది. కరెంటు రాయి మీద పెట్టినవట. ఏదీ, తే."

కత్తి చూసి ఆయన మొఖం, దెబ్బ తాకిన పసిపోరిని చూసినట్టయింది. "యా అల్లా. ఎవడు చేసిండు గిది?"

"అల్లుడు."

"వీడియోల అల్లుడేనా?"

"ఆడే."

"ఆయన పంపేటియన్ని గిట్లనే కాలుతయా?" అన్నడు ఖాజా. నవ్వలే గని, మాటల ఎక్కడో పాత ఖాజా ఉన్నడు. ఎల్లేశంకు ప్రాణం జెర లేసచ్చింది.

ఖాజా తాడు మొదట్ల కూసొని మూట ఇప్పి చేతిరాయి తీసిండు. నీళ్ళు చిలకరిచ్చుకుంట, ఒక్కొక్క గీర ఒక్కొక్క గీర, నీలం మొత్తం పోయేదాంక నూరిండు. గంట పట్టింది. పొద్దటి సంది చుక్క నీళ్ళు మింగని మనిషి, చెమట కారుతున్నది. బాలలక్ష్మి కొంగుతోని ఇసురుతుంటె వద్దన్నడు. "కల్లు వాసన గిటు కొట్టకుండ లొట్టిని గాలికి కింద పెట్టమ్మా, గంత చాలు" అన్నడు. కడపట తాటాకు అంచు మీద కత్తి పెడితె చప్పుడు లేకుండ తెగింది.

"ఎక్కు. నలిగిందంత కోసి పారెయ్యి, గెలకు కొత్త మొఖం తియ్యి."

"భాయ్" అన్నడు ఎల్లేశం.

"ఎక్కమన్న. పొద్దు పోతున్నది."

ఎల్లేశం ఎక్కిండు. మూడు మాటలు ఆయనతోనే మీదికి ఎక్కినయి. కత్తి పెట్టంగనే గెల కొస ఎన్నముద్ద లెక్క తెగింది. నలిగిన నల్లముక్క కిందికి రాలింది. ఎల్లేశం కండ్లు తుడుచుకొని పని చేసిండు. ఎదురుంగ పడమర దిక్కు పసుపు తవ్విన చేన్లు, బోసి నేల, కంటికి ఆననంత దూరం. కొసకు పొద్దు ఎర్రగ కుంగుతున్నది. కింద ఖాజా బాలలక్ష్మి ఇచ్చిన చెంబు పక్కన పెట్టుకొని, ఖర్జూరం చేతుల పట్టుకొని, పొద్దు దిక్కే చూస్తున్నడు. మజీదు ఊర్ల ఉన్నది, చేన్లకు అజాన్ ఇనవడుతదో ఇనవడదో అని ఆయన కండ్లనే నమ్ముకున్నడు.

"గూకింది" అన్నడు ఖాజా. ఖర్జూరం నోటి దాంక లేసింది.

"ఆగు ఆగు భాయ్! గూకలే! ఇంకా ఉన్నది!"

ఖాజా చెయ్యి ఆగింది. "నా కండ్ల ముంగట్నే గూకింది గదరా!"

"గోరంత కనవడుతున్నది! మోకు మీదొట్టు!"

ఒక్క పొద్దుల ఉన్నోనికి గోరంత పొద్దు గూడ పొద్దే. ఖాజా ఖర్జూరం దించిండు. పైన ఎల్లేశం ఒక గీత గీసిండు. ఉల్లిపొరంత పొట్టు గాలికి ఎగిరింది. ఇంకో గీత గీసిండు.

"ఆఁ. ఇగ గూకింది."

ఆ మాట ఆయన నోట్లెకెల్లి అచ్చింది గని, చెవులకు మాత్రం అయ్య గొంతుల ఇనవడ్డది. రెండు గీతల పొద్దు. ఊర్లకెల్లి అజాన్ సన్నగ గాలిల తేలచ్చింది. కింద ఖాజా ఖర్జూరం తిని నీళ్ళు తాగిండు.

ఎల్లేశం దిగంగనే ఖాజా పట్టుకున్నడు. "నిజం చెప్పు ఎల్లేశం. నవ్వులాట గాదు. పొద్దుండంగ తింటె నా రోజా పోతది. నిజంగ కనవడ్డదా?"

"నిజమే భాయ్. నీకు గూకినంక నేను రెండు గీతలు గీసిన."

"నాకేదో చెట్టు అడ్డమచ్చి ఉంటది."

ఇద్దరు పడమర దిక్కు చూసిండ్రు. పసుపు తవ్వినంక గడ్డిపోచ గూడ నిలవని చేన్లు. గుట్ట లేదు, గోడ లేదు, చెట్టు లేదు.

"ఏ చెట్టు?" అన్నడు ఎల్లేశం.

"మరి నాకు అడ్డమచ్చిందేంది?"

జవాబు ఎల్లేశం లోపల తిరిగి తిరిగి బయటికచ్చింది. "భూమే భాయ్. నీకు అడ్డమచ్చింది భూమే."

ఖాజా పక్కన ఖాళీ లొట్టి ఉంటె అడ్డం పండవెట్టిండు. దాని పొట్ట మీద ఏలు పెట్టిండు. "నేను గిక్కడ. పొద్దు గా దిక్కు కిందికి పోయింది. లొట్టి పొట్ట అడ్డమచ్చింది, నాకు కనవడది." ఏలును బెత్తెడు పైకి లేపిండు. "నువ్వు గిక్కడ. నీకు పొట్ట మీదికెల్లి అవతల జెరంత కనవడుతది. గదే లొట్టి కాదు, చాప అయితె, నువ్వెక్కినా నేను కూసున్నా అడ్డమచ్చేదేం లేదు." గట్ల అనుకుంటనే ఆగిపోయి ఎడమ చేత్తోని తొడ సరుసుకున్నడు. "మా ఖలీల్ చెప్తనే ఉండె! దుబాయిల వాడు పని చేసే ఎత్తు బిల్డింగుల, పైన అంతస్తులోళ్ళు కిందోళ్ళ కంటె రెండు నిమిషాలాగి ఇఫ్తార్ చెయ్యాలట. లిఫ్టు కోసం ఆగుతరు గావచ్చు అనుకున్న నేను!"

బాలలక్ష్మి కిసుక్కున నవ్వింది. ఎల్లేశంకు గూడ నవ్వచ్చింది. నవ్వుకుంటనే అయ్య చెప్పిన మాట చెప్పిండు. ముప్పై ఏండ్లు రోజూ ఎక్కి, రోజూ ఆ రెండు గీతల పొద్దు చూసి, సంతకం రాని మనిషి చెప్పిన మాట.

ఖాజా తలెత్తి తాడు కొస దాంక చూసిండు. "నువ్వు నీ ఫోన్ల ఎతికినవ్, నేను నా ఫోన్ల ఎతికిన" అన్నడు. "మీ భగవద్గీతల ఉన్నదో లేదో నాకెర్క లేదు ఎల్లేశం. మీ అయ్య గీతల మాత్రం ఉన్నది."

"మరి పరుపు, చాప? రెండు తీర్ల ఎందుకు రాసిండ్రు?" అన్నడు ఎల్లేశం.

జవాబు బాలలక్ష్మి ఇచ్చింది, చెంబు కడుగుకుంట. "పండుకునేటోనికి భూమి చాపనే. ఎక్కేటోనికి గుండు. దేవుడు ఇద్దరితోని మాట్లాడాలె గదా. గింత దానికి నెల దినాల సంది మొఖాలు మాడ్చుకున్నరు ఇద్దరు ముసలోళ్ళు!"

ఖాజా ఆటో ఎక్కిండు. ఎక్కుకుంట, "రెండుసార్లు అచ్చి పాన్‌డబ్బ కాడికెల్లి తిరిగిపోయినవ్. నేను చూడలేదనుకున్నవా? నూరే కత్తి మెరుపుల అద్దంల లెక్క కనవడ్డవ్" అన్నడు. ఎల్లేశం ఏమన్న అనేలోపట ఆటో కదిలింది. మూడు మాటలు మల్ల గొంతుల్నే ఉండిపోయినయి.

మర్నాడు పొద్దుగాల లొట్టి దించితె సగానికి ఎక్కువున్నది. గెల నోరు తెరిచింది. ఎల్లేశం తాడుకు తలానించి మొక్కిండు. అయ్యకా, తాడుకా, ఖాజా చేతికా అంటె, ఆయనకే ఎర్క లేదు.

పొద్దుమీకి మల్ల ఆటో అచ్చింది. ఖాజా చేతుల మున్నీ పంపిన డబ్బ ఉన్నది. "కత్తికి ఇంకో చెయ్యి పడాలె" అన్నడు. పడాల్సింది ఏం లేదు, ఇద్దరికి ఎర్కనే. రెండు గీరలు గీరి ఇచ్చిండు. ఎల్లేశం ఎక్కిండు.

పొద్దు కొసకచ్చింది. కిందికెల్లి ఖాజా గొంతు లేసింది. "ఓ ఎల్లేశం! నాది గూకింది!"

"తిను మరి!"

"నీది గూకనీ! నిన్ను పొద్దుల పెట్టి నేనెట్ల తింట!"

ఎల్లేశం చేతిల కత్తి ఆగింది. రెండు గీతల సమయమున్నది, అంతే. ఎదురుంగ పొద్దు ఎర్రటి గోరంత మిగిలింది. కింద ఖాజా తలకాయ కనవడుతున్నది గని, మొఖం కనవడుతలేదు. మొఖం కనవడకపోతేనే నయం అనిపిచ్చింది. నేల మీద పది అడుగుల గల్లీ దాటని మాట, డెబ్బై అడుగుల మీదికెల్లి దునికింది.

"తప్పయింది ఖాజా భాయ్!" అని ఒర్లిండు ఎల్లేశం. చేన్ల పసుపు ఏరుకునే ఆడోళ్ళు గూడ తలెత్తిండ్రు. "నిన్న మొన్న అచ్చినోళ్ళు అన్న. అనరాని మాటన్న. మీ బాపు మీద మట్టేసిన చేతులు గివి. గా నోట్లెకెల్లి ఆ మాటెట్ల అచ్చిందో నాకెర్క లేదు. తప్పయింది!"

కిందికెల్లి జవాబు రాలే. లేసి పోతడా? పోతె పోనీ, అననైతె అన్న. ఒక్క గీత గూడ గీయలే ఆయన.

గప్పుడు ఖాజా మెల్లగ అన్నడు. మెల్లగన్నా గాలి లేదు గనుక మీది దాంక అచ్చింది. "మా తాత సంది గుండ్రటి రాయి తిప్పుతున్నం ఎల్లేశం. దాని మీద ముందచ్చిందేదో, ఎనకచ్చిందేదో నాకెన్నడు దొరకలే. నీకు దొరికితె చెప్పు." ఆగి, గొంతు పెంచిండు. "ముందుగాల నీ పొద్దు గూకిందో లేదో చెప్పు! ఖర్జూరం చేతుల్నే చెమటపట్టె!"

ఎల్లేశం పడమర దిక్కు తిరిగిండు. కండ్ల నిండ నీళ్ళు. చేన్లు లేవు, పొద్దు లేదు, అంత ఎర్రగ అలుక్కపోయింది.

"ఏమో భాయ్, కనవడుతలేదు!"

"కనవడకపోతె గూకినట్టే. దిగు. సగం నీకుంచిన."